పడుగుకు చింతగింజల గంజి

ఎడిటరుగారు అడిగింది ఇరాన్ సంచార తెగల పాత ఉన్ని నేతల గురించి. గడువు శుక్రవారం. ఫొటోలు ముందే వచ్చాయి: కష్కాయీల గెలీములు, షాసవన్ల జీను సంచులు. అందమైనవే, కాదనను. కానీ కింద 'యాంటిక్' అన్న మాట చూస్తే కాస్త చిరాకు. నేసినామె వాటిని గోడకు తగిలించడానికి నేయలేదు. సరుకు నింపింది, గాడిదమీద వేసింది, గుడారంలో పరిచింది. ఆ లెక్కన మా దువ్వూరు వైపు వాటికి వరసయ్యేది గొంగడే.

కేసీ కాలువ కింద వరికోతలయ్యాక గొర్రెల మందలు దిగుతాయి. రైతు కాపరికి ఇంతని ఇచ్చి రాత్రిపూట చేలో మంద ఆపించుకుంటాడు. ఎరువు చేనుకు, మేత గొర్రెలకు. కాపరి భుజంమీది గొంగడి వానకు ముసుగు, చలికి దుప్పటి, రాత్రికి పక్క.

గెలీమూ గొంగడీ రెండూ తివాచీలా ముడులు వేయని, పడుగూ పేకా మాత్రమే ఉన్న నేతలు. తేడా పడుగు దగ్గర వస్తుంది. ఇరాన్ తెగల్లో ఆడవాళ్ళు రెండు పోగులు కలిపి పురిపెట్టిన దారాన్ని పడుగుగా బిగిస్తారు. నేలలో మేకులు కొట్టి పరిచిన మగ్గం అది. వలస కదిలితే మేకులు పీకి, సగం నేసిన గుడ్డను అలాగే చుట్టుకుని పోవచ్చు. రంగు మారినచోట పేక వెనక్కి తిరుగుతుంది గనుక నిలువునా సన్నటి చీలిక మిగులుతుంది.

మన కాపరులైన కురుబల ఇళ్ళలో ఆడవాళ్ళు రాట్నంమీద వడికేది ఒంటిపోగు. దక్కని గొర్రె ఉన్ని ముతక, నూగెక్కువ. అలాంటి పోగులు పక్కపక్కన పరిస్తే నూగు నూగును పట్టుకుంటుంది, పడుగు విడివడదు, లాగితే తెగుతుంది. విరుగుడు చింతగింజ. వేయించి, పొట్టు తీసి, పిండిచేసి ఉడికిస్తే జిగురు గంజి. పడుగును బారుగా సాగదీసి, ఆ గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. నూగణిగి, పోగు బిగిసి, ఎండకు ఆరుతుంది. ఆ తర్వాతే గుంట మగ్గమెక్కేది, నేసేది మగవాళ్ళు. కొత్త గొంగడి అట్టలా నిలబడడం ఈ గంజి చలవే. దీని ముందు గెలీము రంగులు నాకు రెండో వరసే. పక్షపాతమనుకోండి.

కురుబల్లో పెళ్ళికి ఉన్ని కంకణం కట్టేవాళ్ళు, పత్తి కంకణం కట్టేవాళ్ళు వేర్వేరు శాఖలని దక్షిణాది కులాలమీద రాసిన థర్‌స్టన్ 1909లో అచ్చువేశాడు. ఉన్ని వాళ్ళకు భుజంమీద మాత్రమే ఉండేది కాదన్నమాట.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌వాడైన మీర్ జుమ్లా గోల్కొండ సేనానిగా 1650లో మా వైపు గండికోట పట్టాడు. 1652లో అక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, మీర్ జుమ్లా కాలివేళ్ళ సందుల్లో కూడా కాగితాలు ఇరికించుకుని జవాబులు చెప్పించడం చూసి రాసుకున్నాడు. ఆ కొలువులో పరిచింది గుడారాల గెలీమని మాత్రం నేననుకోను. ఇరాన్ తెగలను 1930లలో రెజా షా బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టాడు. ఫార్స్ తివాచీ నేత 2010లో యునెస్కో జాబితాకెక్కింది.

గొంగడికి దెబ్బ రాజువల్ల తగల్లేదు, మాంసంకూర వల్ల తగిలింది. మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్ళను మందల్లో కలిపారు. దక్కని గొర్రె పలచబడింది. ఉన్ని అమ్మితే కత్తిరించిన కూలి కూడా గిట్టని చోట్లున్నాయి. పైగా పానిపట్టు మిల్లు రగ్గు చౌక, మెత్తన. ఈమధ్య హైదరాబాదులో కొందరు డిజైనర్లు గొంగడి గుడ్డతో రైతులకు బూట్లు కుట్టారు. బురదలో తొక్కే ఆ బూటు నాకు మ్యూజియం అద్దాలపెట్టె కన్నా నచ్చింది.

బాక్సులో మిగిలినవి

ఖోర్జీన్: పశువు వీపుకు రెండువైపులా వేలాడే జంట సంచి.

నమక్‌దాన్: సన్నటి మెడ ఉన్న ఉప్పు సంచి. మెడ మడిచేస్తే ఉప్పు ఒలకదు, పశువు మూతి పట్టదు. ఇరాన్ శిల్పి పర్వీజ్ తనావొలి వీటిమీద ఒక పుస్తకమే వేశాడు.

వరంగల్ జంపఖానా: ముడుల్లేని నేతే, కానీ మగ్గం ఊళ్ళోది. భౌగోళిక గుర్తింపు 2018లో వచ్చింది.

కొనేవారికి: దక్కని ఉన్ని ఒంటికి గుచ్చుకుంటుంది. గొంగడి మెత్తగా తగిలితే అమ్మేవాణ్ణి ఇంకో ప్రశ్న అడగండి.