ఎడారి మిడతల నివారణ: అంతర్జాతీయ సహకారం, జాతీయ సన్నద్ధత

2018 మే నెలలో మెకును, అక్టోబరులో లుబాన్ తుపానులు అరేబియా ద్వీపకల్పాన్ని తాకాయి. వాన అరుదైన రుబ్ అల్ ఖాలీ ఎడారిలో ఇసుక దిబ్బల నడుమ నీరు నిలిచి పచ్చిక మొలిచింది. దానిపై ఎడారి మిడత మూడు తరాలు వృద్ధి చెందింది. దారులు లేని ఆ ప్రాంతంలో సర్వే చేసేవారు లేకపోయారు. 2019లో దండ్లు యెమెన్, ఇరాన్ దేశాలకు చేరాయి. యుద్ధం వలన యెమెన్‌లో నివారణ వ్యవస్థ అప్పటికే చితికిపోయి ఉంది. అక్కడి నుండి కొన్ని దండ్లు తూర్పు ఆఫ్రికాకు మళ్లగా, మరికొన్ని ఇరాన్, పాకిస్తాన్‌ల మీదుగా రాజస్థాన్, గుజరాత్‌లలో ప్రవేశించాయి.

చదరపు కిలోమీటరు విస్తీర్ణం గల దండులో 8 కోట్ల వరకు మిడతలు ఉండవచ్చు. అది ఒక రోజులో తినే మేత 35,000 మంది ఆహారానికి సమానం. గాలివాటున రోజుకు 150 కిలోమీటర్ల వరకు పయనించే ఈ పురుగును ఏ దేశమూ ఒంటరిగా అదుపు చేయలేదు. అందుచేతనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ రోమ్ నుండి ఎడారి మిడతల సమాచార సేవను నిర్వహిస్తున్నది. భారత్, పాకిస్తాన్, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ సభ్యులుగా నైరుతి ఆసియా కమిషన్ 1964 నుండి పనిచేస్తున్నది. 2020లో ఈ నాలుగు దేశాల నిపుణులు వారం వారం ఆన్‌లైన్‌లో సమావేశమయ్యారు. భారత్, పాకిస్తాన్‌ల మిడతల అధికారులు జూన్ నుండి నవంబరు వరకు మునాబావ్‌లో గాని, ఖోఖ్రాపార్‌లో గాని కలిసి వివరాలు ఇచ్చిపుచ్చుకొనే ఆనవాయితీ కూడా ఉంది. ఇరు దేశాల నడుమ ఇంత నిలకడగా సాగిన సంభాషణలు అరుదనే చెప్పాలి.

సమాచారం వచ్చినంత వేగంగా ధనం రాదు. 2020 జనవరిలో తూర్పు ఆఫ్రికా కొరకు ఆహార, వ్యవసాయ సంస్థ 7.6 కోట్ల డాలర్లు కోరింది. ఫిబ్రవరి చివరికి అవసరం 13.8 కోట్లకు పెరిగింది. చేతికి అందినది సుమారు 5.2 కోట్లు. ప్రపంచ బ్యాంకు 50 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ఆమోదించే నాటికి మే నెల వచ్చింది. అనుకూల పరిస్థితులలో మిడతల సంఖ్య మూడు నెలలలో 20 రెట్లు, ఆరు నెలలలో 400 రెట్లు పెరుగుతుంది. దాతల నిర్ణయాలకు పట్టే కాలం దాదాపు ఒక తరం మిడతల కాలమన్నమాట. 2003–05 నాటి ఉధృతిని అణచడానికి అయిన ఖర్చుతో 170 సంవత్సరాలు ముందస్తు నివారణ జరిపి ఉండవచ్చునని ఆ సంస్థే లెక్కగట్టింది. అయినను మిడతలు కనిపించని సంవత్సరాలలో సర్వే వాహనానికి ఇంధనం సమకూర్చడమే అనేక దేశాలలో కష్టమవుతున్నది.

భారత్ పరిస్థితి కొంత మేలు. 1939లో ఏర్పడిన మిడతల హెచ్చరిక సంస్థ జోధ్‌పూర్ కేంద్రంగా, పది సర్కిల్ కార్యాలయాలతో సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్ల ఎడారి ప్రాంతాన్ని గమనిస్తూ ఉంటుంది. కావున 2020లో మన దేశం రోమ్ నుండి ప్రధానంగా స్వీకరించినది ముందస్తు అంచనాలనే. మందు చల్లే సిబ్బంది, మలాథియాన్ నిల్వలు ఇక్కడే ఉన్నాయి. డ్రోన్లు, వాయుసేన హెలికాప్టరు తోడయ్యాయి. అంతేకాదు, ప్రభుత్వ రంగ సంస్థ హెచ్.ఐ.ఎల్. 25 టన్నుల మలాథియాన్‌ను ఇరాన్‌కు సరఫరా చేసింది. వసంతంలో ఇరాన్‌లో పుట్టిన దండ్లే వేసవిలో రాజస్థాన్ చేరుతాయి గనుక ఇది మన పొలాలకు చేసుకున్న రక్షణ కూడా.

లోపం దేశం లోపలి అంచెలో బయటపడింది. 2020 మే నెలలో దండ్లు ఎడారిని దాటి జైపూర్, మధ్యప్రదేశ్, విదర్భలకు వచ్చాయి. పంట భూములలో నివారణ బాధ్యత రాష్ట్ర వ్యవసాయ శాఖలది. ఎడారి మిడతతో పరిచయమే లేని జిల్లాలు ట్రాక్టరు స్ప్రేయర్లను, అగ్నిమాపక వాహనాలను దించవలసి వచ్చింది. దండు సాయంత్రం చెట్లపై వాలి ఉదయం ఎండెక్కాక లేస్తుంది. మందు చల్లడానికి ఆ రాత్రి, తెల్లవారుజాము మాత్రమే అనువు. అది ఏ ఊరి పొలిమేరలో వాలిందో చీకటి పడేలోగా తెలియకపోతే ఉపగ్రహ చిత్రాలు, గాలి అంచనాలు అక్కరకు రావు.

విదర్భ నుండి ముప్పు పొంచి ఉండగా తెలంగాణ సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది. దండ్లు అక్కడికి రాలేదు. ఆ రోజులలోనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్లపై గుంపుగా చేరిన మిడతలను చూసి జనం కలవరపడ్డారు. అవి ఎడారి మిడతలు కావని, జిల్లేడును ఆశించే స్థానిక జాతి అని పరిశీలనలో తేలింది. గుర్తింపు ఒక్క రోజు ఆలస్యమై ఉంటే చుట్టుపక్కల రైతులు అవసరం లేని మందును పైర్లపై చల్లుకొని ఉండేవారు.