ఇంటి రూటరులో వాకిలి తెరచినను వెలుపలివారు రాలేకపోవుట ఏల?

గుడియాత్తములో పదవ తరగతి విద్యార్థి యొకడు పాత తెలుగు పాఠ్యపుస్తకములను, తన అన్న వ్రాసియుంచిన గణితపు నోటుపుస్తకములను స్కాను చేసి ఇంటి కంప్యూటరులో దాచియుంచెననుకొందము. వేలూరులో హాస్టలునందుండి చదువుకొనుచున్న పినతండ్రి కుమార్తె వానిని అచ్చటినుండియే చూచుకొనవలెనని అతని కోరిక. తెలుగు మాధ్యమమున చదువువారికి మన ప్రాంతపు అంగళ్లలో కోరిన పుస్తకము కోరిన దినముననే దొరకునని చెప్పలేము గదా! అతడు కంప్యూటరులో చిన్న సర్వరు నొకదానిని నడిపించి, రూటరులో ‘పోర్టు ఫార్వర్డింగు’ అను ఏర్పాటు చేసెను. ఇంటిలో ఫోనున తెరచిన పుస్తకములన్నియు కనబడుచున్నవి. వేలూరులో తెరచినచో తెల్లని తెర తప్ప మరేమియు లేదు. నాలుగు దినములు అన్ని సంఖ్యలను మార్చి మార్చి చూచి, ఈ విద్య తనకు రాదని విడిచిపెట్టును. ఇట్టి చిక్కులలో పెక్కింటికి కారణము విద్యార్థి తెలివితక్కువతనము కాదు. అసలు తప్పు ఆ ఇంటిలోనే యుండకపోవచ్చును. అది ఎచ్చట నున్నదో కనిపెట్టు క్రమమును ఈ వ్యాసమున వివరింతును.

ముందుగా రూటరు చేయు పని యేమో తెలిసికొనవలెను. ఒకే ప్రహరీగోడలోపల అయిదారు కాపురములు గల లోగిలిని తలచుకొనుడు. వీథివైపున డోరు నంబరు ఒక్కటే. లోపల వాటాలు వేరువేరు. ఇంటర్నెట్టులో మన ఇంటికి గల వీథి డోరు నంబరు వంటిది పబ్లిక్ ఐపీ చిరునామా. లోపలి కంప్యూటరు, ఫోను, టెలివిజను మొదలగు వానికి రూటరు పంచిపెట్టు 192.168.1.20 వంటి సంఖ్యలు వాటాల నంబరులు. ఇట్టి సంఖ్యలు 1996లో చేసిన నియమము ప్రకారము సొంత ఇండ్లలోను, కార్యాలయములలోను వాడుకొనుటకు ప్రత్యేకింపబడినవి. ఈ 192.168.1.20 గుడియాత్తములోను ఉండును, చిత్తూరులోను ఉండును, లండనులోను ఉండును. కావున వెలుపలివాడు ఆ సంఖ్య పట్టుకొని మన ఇల్లు చేరజాలడు.

రూటరు ఆ లోగిలి వాకిట కూర్చున్న కావలివాడు. లోపలివాడు వెలుపలికి ఉత్తరము పంపినపుడు, ఎవరు ఎవరికి వ్రాసిరో తన చిట్టాలో గుర్తు పెట్టుకొనును. జవాబు రాగానే ఆ చిట్టా చూచి సరియైన వాటాకు అందించును. చిట్టాలో లేనివాడు తనంతట తాను వచ్చి తలుపు తట్టినచో, ఎవరికొరకు వచ్చెనో కావలివానికి తెలియదు. వానిని వెనుకకు పంపివేయును. పోర్టు ఫార్వర్డింగు అనగా కావలివానికి ముందుగా ఇచ్చియుంచు ఉత్తరువు: “8080 అను సంఖ్య చెప్పి వచ్చినవారిని 192.168.1.20 వాటాకు పంపుము.” ఇచ్చట పోర్టు అనగా ఓడరేవు కాదు, ఒకే కంప్యూటరులో పలు పనులను వేరుపరచుటకు వాడు సంఖ్య మాత్రమే. ఇట్టి సంఖ్యలు 65,535 వరకు కలవు.

ఇక చిక్కు విప్పు విధానము. సాధారణముగా మొట్టమొదట రూటరు సంఖ్యలనే సరిచూడుమని చెప్పుదురు. నా అభిప్రాయమున మొదట చేయవలసిన పరీక్ష వేరు. దానికి అయిదు నిమిషములు చాలును. బ్రౌజరులో రూటరు పేజీని తెరచి, ‘స్టేటస్’ అను భాగమున ‘వాన్ ఐపీ’ అని యున్న సంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. తరువాత అదే వైఫైలో నున్న కంప్యూటరునుండి, మన చిరునామా వెలుపలివారికి ఎట్లు కనబడుచున్నదో చూపు వెబ్‌సైటు నొకదానిని తెరచి, అచ్చటి ఐపీవీ4 సంఖ్యను దానిప్రక్కన వ్రాయవలెను. ఈ సమయమున వీపీఎన్ వంటివి ఆపివేయవలెను. లేనిచో వేరొక ఊరి సంఖ్య కనబడి మనలను త్రోవ తప్పించును.

రెండు సంఖ్యలును ఒక్కటే యైనచో వీథి వాకిలి మనదే. వేరైనచో మన కావలివానికి పైన మరియొక కావలివాడు కలడన్నమాట. అపుడు మన రూటరులో ఎన్ని ఉత్తరువులు వ్రాసినను ప్రయోజనము లేదు. వచ్చినవాడు మన వాకిలి చేరకముందే వెనుకకు పోవుచున్నాడు.

ఆ రెండవ కావలివాడు ఎవరో వాన్ సంఖ్యయే కొంతవరకు చెప్పును. అది 192.168తో మొదలైనచో, తరచుగా వాడు మన ఇంటిలోనే యుండును. కంపెనీవారు అమర్చిన ఫైబరు పెట్టెయు ఒక రూటరే; దానికి మనము కొన్న మరియొక రూటరును తగిలించినందున ఇద్దరైరి. అపుడు రెండింటిలోను ఉత్తరువు వ్రాయవలెను, లేదా మొదటి పెట్టెను ‘బ్రిడ్జ్’ పద్ధతికి మార్పించుకొనవలెను. వాన్ సంఖ్య 100.64 మొదలు 100.127 వరకు గల వానిలో ఒకటి యైనచో సంగతి వేరు. ఆ కావలివాడు కంపెనీవారి కార్యాలయమున నున్నాడు. దీనిని సీజీనాట్ అందురు. 10తో మొదలైనను ఇట్లే కావచ్చును.

కంపెనీవారు ఇట్లేల చేయుదురు? ఇందులో కుట్ర యేమియు లేదు; సంఖ్యలు చాలకపోవుటయే కారణము. 1981లో రూపొందించిన ఐపీవీ4 పద్ధతిలో మొత్తము చిరునామాలు 429,49,67,296. నాడు ఆ వలలో చేరిన కంప్యూటరులు ఎక్కువగా విశ్వవిద్యాలయములలోను, ప్రయోగశాలలలోను ఉండెడివి. ఆ సంఖ్య తరుగనిదని తోచెను. నేడు మన దేశ జనాభాయే 140 కోట్లు దాటినది. ఒక్కొక్క ఇంట ఫోనులే మూడు నాలుగు. ఒకే చిరునామాను పలువురు పంచుకొను పద్ధతి 1994లో ప్రకటింపబడి కొంతకాలము గడిపించెను. అయినను 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచపు మూలనిధిలోని ఐపీవీ4 సంఖ్యల పంపకము ముగిసెను. అదే సంవత్సరము ఏప్రిలు 15న మన ఆసియా ప్రాంతపు సంస్థయు తన చివరి భాగమునకు వచ్చి, నాటినుండి కొలిచి కొలిచి ఇయ్యసాగెను. 2012లో 100.64 వరుసను ఈ కంపెనీ పంపకముల కొరకే ప్రత్యేకించిరి. మన లోగిలి పోలికలో చెప్పవలెనన్న, ఒక లోగిలికి కాదు, మొత్తము వీథికంతయు ఒకే డోరు నంబరు! సినిమా చూచుటకు, పాఠము వినుటకు ఇది అడ్డము కాదు. అవి మనము పంపిన ఉత్తరములకు వచ్చు జవాబులు. వెలుపలివారిని ఇంటికి పిలువదలచినపుడే చిక్కు బయటపడును.

దీనికి మూడు దారులు కలవు. మొదటిది, కంపెనీవారిని అడుగుట. “పోర్టు పనిచేయుట లేదు” అన్నచో ఫోను తీసినవారికి అర్థము కాకపోవచ్చును. “మా కనెక్షను సీజీనాట్ వెనుక నున్నదా? స్టాటిక్ పబ్లిక్ ఐపీ ఇత్తురా? నెలకు ఎంత?” అని సూటిగా అడుగవలెను. మన పిల్లలు ఇంటిలో తెలుగును వీథిలో తమిళమును మాటలాడువారే గనుక ఈ ప్రశ్నను తమిళమున అడిగిపెట్టుట పెద్దలకు వారు చేయదగిన సాయము. అదనపు రుసుము తగునా తగదా అన్నది తలిదండ్రులు నిర్ణయింపవలసిన విషయము.

రెండవది ఐపీవీ6. ఈ క్రొత్త పద్ధతిలో చిరునామాలకు కొదవ లేదు. ప్రతి వాటాకును సొంత డోరు నంబరే లభించును. దీని వాడుకలో భారతదేశము ప్రపంచమున ముందున్న దేశములలో నొకటి. కంప్యూటరు చిరునామా 2తో మొదలగు పొడవైన సంఖ్యయైనచో అది వెలుపలికి చెల్లునది; ఎఫ్ఈ80తో మొదలైనది ఇంటిలోపలనే చెల్లును. ఇచ్చట ఫార్వర్డింగుతో పని లేదు గాని, రూటరులోని ఫైర్‌వాల్ వెలుపలివారిని ఆపుచునే యుండును. దానిలో ఆ ఒక్క కంప్యూటరుకు, ఆ ఒక్క పోర్టుకు అనుమతి వ్రాయవలెను. వేలూరులోని హాస్టలు వైఫైలోను ఐపీవీ6 ఉండవలెనని మరువరాదు.

మూడవది, కావలివాని స్వభావమునే ఉపయోగించుకొనుట. లోపలినుండి బయలుదేరినదానిని అతడు ఆపడు గదా! మన కంప్యూటరే బయటనున్న ఒక నమ్మకమైన సర్వరుకు మార్గము కట్టి యుంచినచో, వచ్చువారు ఆ మార్గముననే లోనికి వత్తురు. దీనిని టన్నెల్ అందురు. వైర్‌గార్డ్, టెయిల్‌స్కేల్ వంటివి ఈ జాతివే. ఇద్దరు ముగ్గురు బంధువులు పుస్తకములు చూచుకొనుటకు ఇదియే మేలని నా యెన్నిక. ఇందులో వాకిలి లోకమునకంతటికి తెరువబడదు.

వాన్ పరీక్షలో రెండు సంఖ్యలును ఒక్కటిగా వచ్చినవారికి పని సులభము; తప్పు ఇంటిలోనే కలదు. మొదట ఆ కంప్యూటరులోనే పేజీ తెరచి చూడవలెను. పిదప అదే వైఫైలోని ఫోనులో చూడవలెను. కంప్యూటరులో వచ్చి ఫోనులో రానిచో రూటరు నిర్దోషి. సర్వరు ప్రోగ్రాము 127.0.0.1 అను చిరునామాను, అనగా తనను తానే, వినుచుండవచ్చును. లేదా విండోస్ ఫైర్‌వాల్ అడ్డుచుండవచ్చును. ఇంటి వైఫైని ‘పబ్లిక్’ అని గుర్తించినపుడు విండోస్ మరింత కఠినముగా నుండును.

రెండిటను వచ్చినచో రూటరు ఉత్తరువును చూడవలెను. నిన్న పనిచేసి నేడు పనిచేయకపోయినచో వాటా నంబరు మారెనేమో అనుమానింపవలెను. కరెంటు పోయి వచ్చినపుడు రూటరు సంఖ్యలను తిరిగి పంచును; నిన్నటి 20 నేడు 23 కావచ్చును, ఉత్తరువు మాత్రము 20కే పంపుచుండును. ‘అడ్రస్ రిజర్వేషన్’ అనుచోట కంప్యూటరు మాక్ సంఖ్యతో ఒకే వాటాను స్థిరపరచిన ఈ బాధ తీరును. టీసీపీ, యూడీపీ అను రెండు రకములలో సరియైనదానిని ఎన్నుకొనవలెను. 25, 80 వంటి కొన్ని పోర్టులను కంపెనీలు మూసియుంచుట కలదు గనుక 8080 వంటి సంఖ్య మేలు.

పరీక్షను ఇంటి వైఫైలోనుండి చేయరాదు. లోపలివాడు వీథి నంబరుతో పిలిచినపుడు త్రిప్పి లోనికి పంపుట కొన్ని రూటరులకు చేతకాదు. ఫోనులో వైఫై ఆపి మొబైలు డేటాతో చూడవలెను. అపుడు వచ్చు జవాబులో సూచన యుండును. తక్షణమే తిరస్కారము వచ్చినచో కబురు ఏదో యంత్రమును చేరినది, కాని ఆ పోర్టున వినువాడు లేడు. సర్వరు నడచుచున్నదా చూడుడు. చాలసేపు మౌనముగా నుండి విఫలమైనచో దారిలో ఎవరో దానిని పారవైచుచున్నారు. పబ్లిక్ చిరునామాయు మారునట్టిదైనచో, మారినప్పుడెల్ల ఒకే పేరునకు దానిని జోడించు డైనమిక్ డీఎన్ఎస్ అను సేవ కలదు.

విసిగి ‘డీఎంజెడ్’ అను మీటను నొక్కువారు కలరు. అది ఆ కంప్యూటరు వైపు పోర్టులన్నింటిని తెరచివైచును. దానిని ముట్టకుండుటయే మంచిది. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డులను మార్చని కెమెరాలను, రూటరులను వేలకొలది వెదకి పట్టుకొని, ఆ యేడు అక్టోబరు 21న వానితో డిన్ అను సంస్థపై దాడి చేయగా, ట్విట్టరు మొదలగు పెద్ద వెబ్‌సైటులే చాలమందికి కొన్ని గంటలపాటు అందకుండెను. ఆ కెమెరాల యజమానులకు ఆ సంగతియే తెలియదు. కావున రూటరు పాస్‌వర్డును, సర్వరు పాస్‌వర్డును ముందే మార్చి, తెరచిన పోర్టు సంఖ్యను, తేదీని ఒక చీటీపై వ్రాసి రూటరు పెట్టెకు అంటించుడు. పని తీరిన దినమున ఆ చీటీ చూచి ఉత్తరువును తొలగింపవచ్చును.