అద్దం ఒక్కటే సాక్షి కాదు

నడకతో, మితాహారంతో, వైద్యుని సలహాతో పది పన్నెండు కిలోల బరువు తగ్గినవారిని కదిలించి చూడండి. అన్నిటికంటే కష్టమైనదేమిటని అడిగితే కొందరు రాత్రి అన్నం మానుకోవడమంటారు, మరికొందరు ఫజ్ర్ తర్వాత మళ్ళీ పడుకోకుండా నడకకు బయలుదేరడమంటారు. కాసేపు మనసు విప్పి మాట్లాడనిస్తే మరొక సంగతి బయటపడుతుంది. తూనికయంత్రం తగ్గారంటోంది, బంధువులు తగ్గారంటున్నారు, వైద్యుడు సంతోషిస్తున్నాడు. అద్దంలో మాత్రం వారికి పాత మనిషే కనిపిస్తున్నారు.

ఈ మాట పైకి చెప్పుకోవడానికి చాలామంది జంకుతారు. చెబితే నవ్వుతారేమోనని భయం. చేతికందిన మేలును గుర్తించలేని కృతఘ్నత ఇదేమోనన్న శంక కూడా కొందరిని పీడిస్తుంది. నిజానికి ఇది కృతఘ్నతా కాదు, వెర్రీ కాదు. మనిషి మెదడు తన దేహాన్ని ఎరిగే తీరులోనే దీనికి కారణముంది. ఆ కారణం తెలియక కొందరు సాధించినదాన్ని చేజార్చుకుంటున్నారు. మరికొందరు ఆగవలసిన చోట ఆగలేక ఆరోగ్యాన్నే పోగొట్టుకుంటున్నారు. కనుక ఈ విషయాన్ని కుటుంబమంతా అర్థం చేసుకోవడం అవసరం.

మెదడులోని పాత పటం

అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసిన వియర్ మిచెల్ అనే వైద్యుడు ఒక వింతను గమనించాడు. కాలు తొలగించిన తర్వాత కూడా ఆ కాలు ఉన్నట్లే, అందులో నొప్పి పుడుతున్నట్లే సైనికులు చెప్పేవారు. లేని అవయవం ఉన్నట్లు తోచే ఈ అనుభవానికి ఆయన 1871లో ‘ఫాంటమ్ లింబ్’ అని పేరు పెట్టాడు. దేహం మారినా మెదడులోని దేహపటం వెంటనే మారదని దీనివల్ల లోకానికి తెలిసింది.

1911లో హెన్రీ హెడ్, గోర్డన్ హోమ్స్ అనే ఇంగ్లండు వైద్యులు ఈ పటాన్ని మరింత వివరించారు. మన అవయవాలు ఎక్కడున్నాయో, మనం ఎంత చోటు ఆక్రమిస్తామో మెదడు ఎప్పటికప్పుడు లెక్కగట్టుకుంటూ ఉంటుందని, టోపీలో ఈక పెట్టుకున్న స్త్రీకి ఆ ఈక కొన వరకూ తన హద్దు తెలుస్తుందని వారు చెప్పారు. మన పల్లెల్లో నెత్తిన బిందెతో గుమ్మం దాటే స్త్రీ కూడా అంతే. కొలత వేయకుండానే సరిగ్గా అవసరమైనంత మేరకే వంగుతుంది.

పదేళ్ళో, ఇరవయ్యేళ్ళో స్థూలకాయంతో గడిపిన మనిషిలో ఆ పటం అదే కొలతలతో స్థిరపడిపోతుంది. అందువల్లే బరువు తగ్గిన తర్వాత కూడా వలీమా విందులో రెండు కుర్చీల మధ్య నుంచి పక్కకు తిరిగి నడుస్తారు. షేర్ ఆటోలో ఖాళీ కనిపిస్తున్నా తనకు చాలదని నిలబడిపోతారు. దుకాణంలో చెయ్యి అలవాటుగా పెద్ద సైజు కుర్తా మీదికే పోతుంది. కళ్ళు చూస్తున్నది కొత్త దేహాన్ని, అడుగు వేయిస్తున్నది పాత పటం.

తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే ‘అనొరెక్సియా’ వ్యాధిగ్రస్తులలో ఇది తీవ్రరూపంలో కనిపిస్తుంది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, అలాంటి రోగులు తమ శరీరానికి ధారాళంగా సరిపోయే ద్వారం ముందు కూడా భుజాలు పక్కకు తిప్పి నడిచారు. కన్ను మాత్రమే కాదు, కాలు కూడా పొరబడుతుందన్నమాట.

అద్దం ఎందుకు ఆలస్యంగా చెబుతుంది?

మొదటి కారణం, మార్పు మెల్లగా రావడం. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గడమే క్షేమమని వైద్యులు చెబుతారు. నిన్నటికీ నేటికీ ఉండే తేడా ఆ లెక్కన సుమారు డెబ్బై నుంచి నూట నలభై గ్రాములే. రోజూ చూసే కంటికి అది అందదు. ఏడాదిన్నర తర్వాత గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చిన సోదరుడు గుమ్మంలోనే ఆశ్చర్యపోతాడు, ఎందుకంటే ఆయన జ్ఞాపకంలో ఉన్నది బయలుదేరిన నాటి రూపం.

రెండవది, దుస్తులు. వదులైన కుర్తా, దానిపై బుర్ఖా ధరించే స్త్రీకి దుస్తులు బిగువుగానో వదులుగానో మారి రోజూ కబురు చెప్పవు. వదులు దుస్తులు ధరించే పురుషుని పరిస్థితీ ఇదే. మర్యాద కోసం ధరించే ఆ దుస్తుల్లో లోపమేమీ లేదు. అయితే ఇలాంటివారికి కొలత టేపు అవసరం మరికాస్త ఎక్కువ.

మూడవది, దేహం మనం ఊహించుకున్నట్లుగా మారకపోవడం. బరువు తగ్గితే కొవ్వు కణాలు మాయమైపోతాయని చాలామంది భావిస్తారు. స్వీడన్ పరిశోధకులు 2008లో వెల్లడించిన దాని ప్రకారం, యుక్తవయసు దాటాక ఆ కణాల సంఖ్య దాదాపు స్థిరంగానే ఉంటుంది. ఏటా పదోవంతు కణాలు నశించి, వాటి స్థానంలో కొత్తవి పుడతాయి. బరువు తగ్గినప్పుడు కణాలు చిన్నవవుతాయి, అంతే. ఇక చర్మం సంగతి. ఎన్నేళ్ళు సాగి ఉన్నది, వయసెంత, కాన్పులెన్ని అన్నదాన్నిబట్టి అది కొంత ముడుచుకుంటుంది, కొంత వదులుగానే మిగిలిపోతుంది. పొట్ట దగ్గర జారిన ఆ చర్మాన్ని చూసి కొవ్వు తగ్గనే లేదనుకోవడం పొరపాటు.

నాలుగవది, మాటలు. చిన్నప్పుడు ‘మోటీ’ అని, ‘లడ్డూ’ అని ముద్దుగానే పిలిచి ఉండవచ్చు. ఆ పేరు విన్న బిడ్డ మాత్రం దానితోనే పెరుగుతుంది. 1990లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ క్యాష్, ఆయన సహచరులు జరిపిన అధ్యయనంలో, ఒకప్పుడు బరువెక్కి తర్వాత తగ్గిన స్త్రీలు తమ దేహం గురించి పడే ఆందోళన కొన్ని అంశాలలో ఇంకా అధిక బరువున్నవారి ఆందోళననే పోలి ఉన్నట్లు తేలింది. ఒంటి మీది కొవ్వు కరిగింది, మనసులోనిది కరగలేదు. దీన్నే ‘ఫాంటమ్ ఫ్యాట్’ అంటున్నారు.

కంటికి కనబడని లాభం

నికాహ్‌కు ఇద్దరు సాక్షులు కావాలి. అప్పు పత్రానికీ సాక్షులను పిలుస్తాము. మరి ఏళ్ళ తరబడి మన గురించి ఒకే అభిప్రాయంతో ఉన్న అద్దాన్ని, అదొక్కదాన్నే నమ్మి తీర్పు ఇవ్వడం న్యాయమేనా?

అద్దం చూపలేని లాభాలు ఎన్నో ఉన్నాయి. మధుమేహం అంచున ఉన్న మూడు వేల మందికి పైగా వ్యక్తులపై అమెరికాలో జరిపి 2002లో ప్రకటించిన అధ్యయనాన్ని చూడండి. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక వంటి వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టుకున్న వర్గంలో మధుమేహం బారిన పడే అవకాశం 58 శాతం తగ్గింది. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. అద్దంలో అది కనిపించనైనా కనిపించకపోవచ్చు. మోకాళ్ళ సంగతీ అలాగే. కీళ్ళు అరిగిన పెద్దవారిపై జరిగిన పరిశోధనలో, కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గినట్లు తేలింది.

అద్దం మరోవైపు కూడా మోసం చేయగలదు. పుణెకు చెందిన వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో తమ కొలతలనే పోల్చి ప్రకటించారు. ఎత్తుకూ బరువుకూ ఉన్న నిష్పత్తి ఇద్దరికీ ఒక్కటే, 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం లండన్ వైద్యునిలో 9.1 శాతం, పుణె వైద్యునిలో 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుని లోపల, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కొవ్వు దాగి ఉండవచ్చునని ఇది హెచ్చరిస్తుంది. మన ప్రాంతపు పురుషులకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు చెప్పేది ఇందుకే. లావుగా ఉన్నావని అద్దం అన్నా, సన్నగా ఉన్నావని అన్నా అది ఒక్క సాక్షి మాట మాత్రమే.

మిగిలిన సాక్షులను పిలవండి

మొదటి సాక్షి కొలత టేపు. నెలకొకసారి, ఒకే రోజున, పరగడుపున, బొడ్డు ఎత్తులో నడుము కొలిచి రాసిపెట్టండి. బరువు వారానికొకసారి చూసుకుంటే చాలు. రోజూ తూగితే ఉప్పు, నీరు, నెలసరి వల్ల వచ్చే హెచ్చుతగ్గులు మనసును కలవరపెడతాయి.

రెండవ సాక్షి ఒక పాత కుర్తా. బరువు తగ్గకముందు ఒంటికి బిగువుగా ఉన్న ఒక్క జతను దాచి ఉంచండి. రెండు నెలలకొకసారి తొడిగి చూడండి. మీ దర్జీ కొలతల పుస్తకం కూడా మంచి సాక్షే. అందులోని పాత అంకె మీ మీద జాలిపడదు, మిమ్మల్ని పొగడదు.

మూడవ సాక్షి మీ నమాజు. ఒకప్పుడు సజ్దా నుంచి లేవడానికి నేల మీద చెయ్యి ఊనవలసి వచ్చేదా? కుర్చీ మీద నమాజు చేస్తున్న మీరు ఇప్పుడు జానిమాజు మీద కూర్చోగలుగుతున్నారా? మస్జిదు మెట్లు ఆయాసం లేకుండా ఎక్కుతున్నారా? ఇవి అద్దం ముందు నిలబడితే తెలిసేవి కావు.

నాలుగవ సాక్షి రక్తపరీక్ష, రక్తపోటు. వైద్యుడు చెప్పిన గడువులో చేయించి, పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టి చూడండి.

పాత పటం మారుతుందా అంటే, తప్పక మారుతుంది. 1998లో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మనిషి చేతిని కనబడకుండా దాచి, ఎదుట ఒక రబ్బరు చేతిని ఉంచి, రెండింటినీ ఒకేసారి కుంచెతో నిమిరారు. కొద్ది నిమిషాల్లోనే ఆ రబ్బరు చెయ్యి తనదేనన్న భావన చూసేవారికి కలిగింది. చూపు, స్పర్శ ఒకే క్షణంలో ఒకే మాట చెబితే మెదడు నమ్ముతుందని దీని సారాంశం. వుజూ చేసేటప్పుడు ముఖాన్ని, మోచేతుల వరకు చేతులను, పాదాలను రోజుకు చాలాసార్లు తడుముతాము. అక్కడి మార్పును చేతితో గమనించడం కష్టమేమీ కాదు. వుజూ ఆరాధన కొరకే, అది చికిత్స కాదు. అయినా ఆ కాస్త సమయంలో అల్లాహ్ అప్పగించిన ఈ అమానతును ఎరుకతో తాకితే మనసుకు మేలే జరుగుతుంది.

ఇంటివారి బాధ్యత

మన ఇళ్ళలో బరువు పెరిగినా మాట పడాలి, తగ్గినా పడాలి. తగ్గిన మనిషి కనబడగానే “ఏమ్మా, ఇంతలా చిక్కిపోయావు, షుగరొచ్చిందా?” అని అడుగుతారు. ఇంకొకరు, “మొహంలో కళ పోయింది, మునుపే బాగున్నావు” అంటారు. తన కళ్ళనే తాను నమ్మలేని స్థితిలో ఉన్న మనిషి మీద ఈ మాటలు ఎంత పని చేస్తాయో ఆలోచించండి. పొగడదలిస్తే రూపాన్ని కాక పనిని పొగడండి. “ఆపా, నిన్న మూడంతస్తులు ఎక్కి వచ్చినా మీకు ఆయాసం రాలేదు” అన్న ఒక్క మాట ఆమెకు ఒక నమ్మకమైన సాక్ష్యం అవుతుంది. భర్త చెప్పినా, అత్తగారు చెప్పినా అది మరింత విలువైనది.

తల్లులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. అద్దం ముందు నిలబడి తన దేహాన్ని తానే తిట్టుకునే తల్లి మాటలను పదేళ్ళ కూతురు వింటోంది. ఆ బిడ్డ రేపు తన దేహాన్ని చూసుకునేది ఆ మాటలతోనే.

ఎప్పుడు వైద్యుని కలవాలి?

ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు పడిపోతుంటే సంతోషించకండి. మధుమేహం, క్షయ, థైరాయిడ్ వంటి వ్యాధులు కారణం కావచ్చు. వెంటనే పరీక్షలు చేయించుకోవాలి.

ప్రయత్నించి తగ్గినవారు కూడా కొన్ని గుర్తులను కనిపెట్టి ఉండాలి. వైద్యుడు చెప్పిన బరువుకు చేరినా ఇంకా తగ్గాలని తపించడం, తిన్నది కావాలని కక్కుకోవడం, అన్నమంటేనే భయపడటం, నెలసరి ఆగిపోవడం, గంటల తరబడి అద్దం ముందు గడపడం లేదా అద్దాన్ని చూడటమే మానేయడం, తిండిని తప్పించుకోవడానికే వరుసగా నఫిల్ ఉపవాసాలు ఉండటం — వీటిలో ఏది కనిపించినా దాన్ని పట్టుదల అని మెచ్చుకోకూడదు. అది చికిత్స అవసరమైన స్థితి. మానసిక వైద్యుని కలవడంలో సిగ్గుపడవలసినదేమీ లేదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

బరువు తగ్గడానికి నెలలు పట్టింది. మెదడు తన పటాన్ని సవరించుకోవడానికి ఇంకొన్ని నెలలు పడితే ఆశ్చర్యమేమిటి? ఆ గడువు దానికి ఇవ్వండి. అంతవరకు నడక మానకండి, భోజనంలో మితం విడవకండి, రాసిపెట్టిన కొలతలను నమ్మండి. మోకాలికి భారం తగ్గింది, నెత్తురులో చక్కెర అదుపులోకి వచ్చింది. మీ కళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఈ మేలు మీకు ఇప్పటికే దక్కింది.