వెబ్ సైట్ చూసేటప్పుడు మనసును కొలవగలమా?

పరీక్ష ఫలితాలు వెలువడే రోజును గుర్తు తెచ్చుకోండి. సీబీఎస్ఈ వెబ్ సైట్‌లో రోల్ నంబరు కొట్టి ఎదురు చూస్తున్నారు. గుండె దడదడలాడుతోంది, అరచేతులు చెమరుస్తున్నాయి. అది భయమా, ఆశా, పేజీ ఇంకా రాలేదన్న విసుగా? పరికరాలతో తెలుసుకోవచ్చా?

ముందుగా చెమట సంగతి చూద్దాం. రెండు వేళ్లకు ఎలక్ట్రోడులు అమర్చి, మీకు తెలియనంత స్వల్ప విద్యుత్తును పంపుతారు. ఉద్వేగం కలిగితే స్వేద గ్రంథులు చురుకవుతాయి, చర్మం గుండా విద్యుత్తు మరింత తేలికగా ప్రవహిస్తుంది. అయితే ఈ మార్పు కనిపించడానికి ఒకటి నుంచి మూడు సెకన్లు పడుతుంది. ఆలోగా మీరు మరో చోట క్లిక్ చేసి ఉంటారు! అందుకే చూపు తెర మీద ఎక్కడుందో నమోదు చేసే కెమెరాను కూడా జత చేస్తారు.

మన అభిప్రాయాలు అంతకన్నా త్వరగా ఏర్పడతాయి. కెనడాలో గిట్టె లిండ్‌గార్డ్ బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, వెబ్ పేజీని 50 మిల్లీసెకన్లు మాత్రమే చూసినవారు కూడా అది ఆకర్షణీయంగా ఉందో లేదో చెప్పగలిగారు. అంత వేగాన్ని అందుకోగలిగేది ఇ.ఇ.జి. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేశారు. తలపై అందే ఈ సంకేతాలు కొన్ని పదుల మైక్రోవోల్టులే. కంటిరెప్ప వాలితే చాలు, అంతకంటే పెద్ద సంకేతం పుడుతుంది. దాన్ని ఏరివేయాలి.

ఢిల్లీకి దగ్గరలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వంటి చోట్ల ఎం.ఆర్.ఐ. కూడా వాడతారు. మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో అది చూపుతుంది. కానీ అది గమనించేది రక్తప్రవాహంలోని మార్పును. ఆ మార్పు తారస్థాయికి చేరడానికి అయిదారు సెకన్లు పడుతుంది. పైగా తల కదపకుండా పడుకోవాలి. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నట్టు ఉంటుందా?

అసలు చిక్కు వేరే ఉంది. ఫస్ట్ క్లాసు వచ్చినా, ఫెయిలైనా అరచేయి ఒకేలా చెమరుస్తుంది. పరికరం ఉద్వేగపు తీవ్రతను చెబుతుంది, దాని పేరు చెప్పదు. పరిశోధకుడు చివరకు మిమ్మల్నే అడగాలి. మనసు చదివేస్తామనే ప్రకటనలను నేనైతే నమ్మను.

మరి ఈ సంకేతాలను మన అనుమతి లేకుండా తీసుకోవచ్చా? నేర పరిశోధన విషయంలో ఈ ప్రశ్న ఢిల్లీలోని సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. సమ్మతి లేకుండా ఎవరికీ బలవంతంగా బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్ష చేయరాదని సెల్వి కేసులో 2010 మే 5న కోర్టు తీర్పు చెప్పింది. అది వెబ్ సైట్ల గురించి కాదు. అయినా రేపు మీ కాలేజీలో ఎవరైనా ఇలాంటి ప్రయోగానికి పిలిస్తే, ఏం నమోదు చేస్తారో, ఎంతకాలం దాచుకుంటారో, మధ్యలో లేచి వెళ్లిపోవచ్చో లేదో ఎలక్ట్రోడులు పెట్టకముందే అడగండి.