ఏ దేశానికీ చెందని చోట్లు

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా సముద్రం ఆ దేశపు సొంత నేలతో సమానం. 200 మైళ్ల దాకా చేపల మీదా, అడుగున ఉన్న ఖనిజాల మీదా హక్కు ఆ దేశానిదే. ఆ గీత దాటితే ఎవరిది? ప్రపంచ సముద్రాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ గీతకు అవతలే ఉన్నాయి. అంటార్కిటికా, అంతరిక్షం కూడా ఏ ఒక్కరి సొత్తూ కావు. అలాగని అక్కడ ఎవరిష్టం వారిది కాదు.

◆ నడిసముద్రంలో ఒక బానిస ఏ దేశపు ఓడ ఎక్కి తలదాచుకున్నా ఆ క్షణం నుంచే స్వతంత్రుడు. కోర్టు తీర్పు అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. 1982 నాటి సముద్ర చట్టాల ఒడంబడికలో 99వ అధికరణం చెప్పే మాట ఇది. 320 అధికరణాలున్న ఆ పత్రంలో ఇంతకంటే గొప్ప వాక్యం లేదని నా నమ్మకం.

◆ సముద్రమే లేని నేపాల్, మంగోలియా కూడా తమ జెండాతో ఓడలు నడుపుకోవచ్చు. సముద్రపు దొంగల ఓడను నడిసముద్రంలో ఏ దేశపు యుద్ధనౌక అయినా పట్టుకోవచ్చు.

◆ గీత అవతలి సముద్రపు అడుగు మానవాళి ఉమ్మడి వారసత్వం కావాలని ఐక్యరాజ్యసమితిలో గట్టిగా వాదించింది పెద్ద దేశమేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లే అయిన చిన్న ద్వీపం మాల్టా. 1967 నవంబరు 1న ఆ దేశ రాయబారి ఆర్విడ్ పార్డో చేసిన ప్రసంగంతో ఈ కథ ఊపందుకుంది. సాంకేతిక బలం ఉన్నవాళ్లే అంతా తవ్వుకుపోతారన్నది ఆయన భయం. ఆ వాదన ఫలితమే జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ. దాని అనుమతి లేకుండా అక్కడ తవ్వకాలు చెల్లవని ఒడంబడిక నియమం. అమెరికా మాత్రం ఈ ఒడంబడికను ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

ఈ కథలో మనకూ భాగం ఉంది. 1987లో సముద్రపు అడుగున ఖనిజాల అన్వేషణకు తొలి హక్కుదారుగా నమోదైన దేశం భారత్. ఇప్పుడు హిందూ మహాసముద్రం మధ్యలో 75,000 చదరపు కిలోమీటర్లలో వెతికే హక్కు మనకుంది. తెలంగాణలో మూడింట రెండు వంతులంత మేర అది. అయిదు కిలోమీటర్ల లోతున బంగాళాదుంపల్లాంటి నల్లటి గడ్డలు పరుచుకుని ఉంటాయి. వాటిలో మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్టు ఉంటాయి. ఒక్కో గడ్డ పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. పెరూ తీరానికి దూరంగా 1989లో శాస్త్రవేత్తలు ప్రయోగం కోసం సముద్రపు అడుగును దున్ని చూశారు. 26 ఏళ్ల తర్వాత వెళ్తే ఆ చాళ్లు చెరగకుండా అలాగే కనిపించాయి. అందుకే ఇక్కడ తొందర పనికిరాదని నేనంటాను. బ్యాటరీలకు ఈ లోహాలు కావాలన్నది నిజమే. కానీ ఆ గడ్డలనే అంటిపెట్టుకుని బతికే జీవులు ఏమవుతాయో తేలకముందే యంత్రాలు దించడం తప్పు.

◆ అంటార్కిటికా ప్రశ్నను ఐక్యరాజ్యసమితి చర్చకు పెట్టాలని 1956లోనే అడిగింది భారతదేశం. ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. మూడేళ్లకు, 1959 డిసెంబరు 1న, పన్నెండు దేశాలు వాషింగ్టన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. మనం 1983లో చేరాం. మైత్రి, భారతి ఈనాటి మన పరిశోధన కేంద్రాలు. ఏడు దేశాలు ఆ మంచు నేలలో తమకు వాటా ఉందంటాయి. ఒప్పందం ఆ మాటను ఔననలేదు, కాదనలేదు, ఉన్నచోటే ఆపేసింది. సైనిక స్థావరాలు కూడదు, అణు పరీక్షలు కూడదు. 1991 నాటి మాడ్రిడ్ ఒప్పందంతో గనుల తవ్వకం కూడా నిషిద్ధమైంది.

ఆ నిబంధనల వల్ల కుక్కలకూ అక్కడ చోటు లేకుండా పోయింది. తొలి యాత్రికుల బళ్లు లాగిన జాతుల్ని 1994 ఏప్రిల్‌కల్లా పంపించేశారు. వాటి రోగాలు సీళ్లకు అంటుకుంటాయని భయం.

◆ భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం మనకు ఒకేచోట నిలిచినట్టు కనిపిస్తుంది. 1976లో కొలంబియా, కెన్యా, ఇండొనేసియా వంటి దేశాలు బొగోటాలో కూడి, తమ నెత్తిమీది ఆ కక్ష్య తమదేనని ప్రకటించాయి. ప్రపంచం ఒప్పుకోలేదు. అంతరిక్షాన్ని ఏ దేశమూ సొంతం చేసుకోరాదని 1967 ఒప్పందం అప్పటికే చెప్పింది. సొంతం కాకపోయినా బాధ్యత మాత్రం తప్పదు. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 అణు ఇంధనంతో సహా కెనడాలో కూలితే, సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. 2023 జులైలో ఆస్ట్రేలియాలోని ఓ తీరానికి పెద్ద లోహపు పీపా లాంటిది కొట్టుకొచ్చింది. శ్రీహరికోట నుంచి ఎగిరే మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో అంచె శకలం అది.

◆ సముద్రం కనిపించని హైదరాబాద్‌లో కూర్చుని హిందూ మహాసముద్రాన్ని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండేవాళ్లున్నారు. అక్కడి సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి పనిచేస్తోంది. ఆస్ట్రేలియా, ఇండొనేసియా కేంద్రాలతో కలిసి ఈ మహాసముద్రపు తీర దేశాలన్నిటికీ సమాచారం అందిస్తుంది.

◆ నడిసముద్రపు జీవజాలాన్ని కాపాడే ఒప్పందం 2023లో కుదిరి, 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది. గీత అవతల రక్షిత ప్రాంతాలు ఏర్పాటు చేసే దారి ఇన్నాళ్లకు దొరికింది. దీనికి బీజాలు ఇరవై ఏళ్ల కిందటి చర్చల్లోనే పడ్డాయి. ఈలోగా ఖాళీ అయిన చేపల తావులకు జవాబు ఎవరు చెబుతారు?

◆ ఒక్కచోట మాత్రం దేశాలు ముందే మేల్కొన్నాయి. ఆర్కిటిక్ నడిమధ్యన, మంచు కరిగి తెరుచుకుంటున్న సముద్రంలో వ్యాపార వేట ఇంకా మొదలే కాలేదు. అయినా చైనా, రష్యా, అమెరికా, జపాన్‌లతో సహా తొమ్మిది దేశాలూ, ఐరోపా సమాఖ్యా 2018లో సంతకాలు చేశాయి. అక్కడ చేపలెన్ని ఉన్నాయో, ఎలా బతుకుతున్నాయో తెలిసేదాకా వల వేయరాదు. 2021లో అమల్లోకి వచ్చిన ఈ కట్టుబాటు గడువు 16 ఏళ్లు. ఆ తర్వాత సభ్యుల్లో ఎవరూ కాదనకపోతే అయిదేళ్లకోసారి దానంతటదే కొనసాగుతుంది.