521136 ఒక సంఖ్యేనని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

కృష్ణా జిల్లా కూచిపూడి పిన్‌కోడ్ 521136. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసే ప్రోగ్రాంలో దీన్ని ఉన్నదున్నట్టు రాస్తే కంప్యూటర్ పూర్ణాంకంగా తీసుకుంటుంది. ఎలాగంటారా? ఎడమ నుంచి ఒక్కో గుర్తునే చూస్తూ, 0 నుంచి 9 లోపు అంకేనా అని సరిచూస్తుంది.

కామాలు పెట్టి 5,21,136 అని రాస్తే? 5, 21, 136 అనే మూడు వేర్వేరు సంఖ్యలనుకుంటుంది! కామాకు బదులు అండర్‌స్కోర్‌తో 5_21_136 అంటే మాత్రం సరే.

ముందు సున్నా చేర్చి 0521136 అంటే తప్పు. ఎందుకు? పైథాన్ పాత వెర్షన్లలో ముందున్న సున్నాకు ‘ఇది ఎనిమిది ఆధారంగా లెక్కించే సంఖ్య’ అని అర్థం. ఆ గందరగోళం రాకూడదనే పైథాన్ 3లో దాన్ని నిషేధించారు.

మరి తెలుగు అంకెల్లో ౫౨౧౧౩౬? ప్రోగ్రాంలో నేరుగా రాస్తే చెల్లదు. అక్కడ 0–9 అంకెలకే చోటు. కానీ కొటేషన్లలో పెట్టి, రాతను పూర్ణాంకంగా మార్చే ‘ఇంట్’ (int) ఫంక్షన్‌కు ఇస్తే 521136 అనే జవాబు వస్తుంది. ప్రతి తెలుగు అంకె విలువా, లిపుల అక్షరాల వివరాలుండే యూనికోడ్ పట్టికలో నమోదై ఉంది. ‘ఇంట్’ ఆ విలువలనే వాడుకుంటుంది.

మీ ఊరి పిన్‌కోడ్‌తో మీరూ చేసి చూడండి.