ఉద్దానం తీరంలో వృద్ధాప్యం: శ్రమకూ వ్యాయామానికీ గల భేదం

1. ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోట ఉన్న తీరగ్రామం బారువ. కొబ్బరి, జీడితోటలకు పేరొందిన ఉద్దానం ప్రాంతంలో ఇది భాగం. తోటపని, చేపల వేట జీవనాధారమైన ఇక్కడి పెద్దలకు ‘రోజూ నడవండి’ అన్న సలహా ఒక్కటే చాలదు. జీవితమంతా శ్రమించిన దేహానికి వృద్ధాప్యంలో ఎటువంటి కదలిక అవసరమో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. శ్రమ – వ్యాయామం:

రెండింటిలోనూ కండరాలు పనిచేస్తాయి. అయినా ఫలితం ఒకటి కాదు. వ్యాయామంలో వేగం, వ్యవధి, విశ్రాంతి వ్యక్తి అధీనంలో ఉంటాయి. కూలిపనిలో వాటిని పనే నిర్ణయిస్తుంది. గంటల తరబడి బరువులు మోసేవారికి గుండె వేగం, రక్తపోటు ఎక్కువసేపు హెచ్చుగా ఉండి, కోలుకునే అవకాశం తగ్గుతుంది. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ తదితరులు ఈ విషయాన్నే ‘శారీరక శ్రమ వైరుధ్యం’గా చర్చించారు. పలాస జీడి పరిశ్రమలోని పరిస్థితి వేరు. కూర్చుని పిక్కలు కొట్టేవారికి, పప్పు ఏరేవారికి చేతులు అలసిపోతాయి గాని కాళ్లకు కదలిక ఉండదు.

3. వృద్ధులకు కావలసినది:

వయసు పైబడినకొద్దీ కండరాల రాశి, బలం క్షీణించి, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ కదలిక, కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే అభ్యాసం, 3 రోజులు దేహపు నిలకడను, బలాన్ని పెంచే అభ్యాసం అవసరం. వీటికి పరికరాలు అక్కరలేదు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం, గోడ పట్టుకొని మడమలెత్తడం, పక్కన ఆసరా ఉంచుకొని ఒంటికాలిపై నిలవడం వంటివి ఇంట్లోనే సాధ్యం.

4. ఉద్దానంలో ప్రత్యేక జాగ్రత్త:

ఈ ప్రాంతాన్ని పీడిస్తున్న దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. ఎండలో శ్రమ, నీటి కొరత అనుమానిత కారణాలలో ఉన్నాయి. కాబట్టి నడకకు ఉదయం, సాయంత్రం అనువైన వేళలు. ఒళ్లునొప్పులకు సొంతంగా వాడే కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి. తొడ కండరాలు బలపడితే మోకాలి నొప్పి తగ్గి, ఆ మాత్రల అవసరమూ తగ్గే వీలుంది. వ్యాధిగ్రస్తులు కదలిక మానవలసిన పనిలేదు; వారానికి 150 నిమిషాలు, లేదా ఓపిక మేరకు, 2024 నాటి అంతర్జాతీయ మూత్రపిండ మార్గదర్శకాలూ సూచిస్తున్నాయి. డయాలసిస్ పొందేవారు మాత్రం ఎంత నీరు తాగాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

5. ముగింపు:

ఉద్దానం పెద్దలకు లోపించినది శ్రమ కాదు. తమ అధీనంలో ఉండే కదలిక, దానికి తగిన నీడ, నీరు, విశ్రాంతి. ఆరోగ్య ప్రబోధం ఈ భేదాన్ని గుర్తించినప్పుడే ఈ తీరప్రాంతానికి ఉపకరిస్తుంది.